అపవాదాల వెనుక నియమాలు: ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఇంగ్లీషులో 'ఎడ్' ప్రత్యయం చేరకుండా భూతకాల రూపాన్ని పొందే క్రియలను పాఠ్యపుస్తకాలు నియమం లేనివిగా పరిచయం చేస్తాయి. వీటిలో అధికభాగం ఒకప్పటి నియతప్రక్రియల అవశేషాలు. వాటిని వివరించిన 19వ శతాబ్ది పరిశోధనలో సంస్కృత వ్యాకరణానికి, వైదిక స్వరానికి ప్రధానపాత్ర ఉంది. ఆ వివరణలను తెలుగు పాఠకులకు పరిచితమైన వ్యాకరణ పరిభాషలో పరిశీలించడం, 'గో – వెంట్' వంటి రూపాలను తెలుగులోని 'వచ్చు – రా'తో పోల్చి చూడడం, ఏ రూపం ఒప్పో ఏది తప్పో తేల్చిన వ్యాకర్తల తీర్పులను చారిత్రకంగా పరామర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అనియత క్రియలు, స్వరభేదం, ఉత్సర్గం, అపవాదం, ఆదేశం, వర్ణవ్యత్యయం, వర్నర్ సూత్రం.

ప్రవేశిక

తెలుగునాట బడికి వెళ్ళినవారిలో 'వి-1, వి-2, వి-3' పట్టికను వల్లెవేయనివారు అరుదు. గో – వెంట్ – గాన్, డ్రింక్ – డ్రాంక్ – డ్రంక్, కీప్ – కెప్ట్ – కెప్ట్ అంటూ మూడు నిలువు వరుసల్లో సాగే ఆ పట్టిక సాధారణంగా అకారాదిక్రమంలో ఉంటుంది. ఎందుకిలా అని అడిగిన విద్యార్థికి దొరికే జవాబు ఒక్కటే: 'ఇవి ఇర్రెగ్యులర్, కంఠస్థం చేయవలసిందే'. సంధికార్యానికి, ఆదేశానికి, ఆగమానికి సూత్రం చూపనిదే తృప్తిపడని వ్యాకరణ సంప్రదాయం మనది. అటువంటి నేలమీద ఈ జవాబు ఇంతకాలం ప్రశ్న లేకుండా చెలామణీ కావడం కొంత ఆశ్చర్యమే.

సంస్కృత వైయాకరణులు సామాన్య నియమాన్ని ఉత్సర్గమనీ, దాన్ని బాధించే విశేష నియమాన్ని అపవాదమనీ అన్నారు. వారి దృష్టిలో అపవాదం కూడా ఒక విధే. నియమం లేకపోవడం వేరు, మరొక నియమం ఉండడం వేరు. ఇంగ్లీషు పట్టికలోని క్రియలను ఈ దృష్టితో చూస్తే అవి ఒకే గుంపుగా కనిపించవు. కొన్ని అతి ప్రాచీనమైన స్వరభేదానికి గుర్తులు. కొన్ని నిజానికి 'ఎడ్' చేరిన క్రియలే, ధ్వనిమార్పుల వల్ల రూపం చెడినవి. మరికొన్ని రెండు మూడు వేర్వేరు ధాతువులు ఒక్కటైనవి. వీటన్నిటినీ ఈ వ్యాసంలో 'అనియత క్రియలు' అని వ్యవహరిస్తున్నాను. ఆ పేరు ఎంతవరకు తగునన్నదే ఇక్కడి చర్చ.

అచ్చు మారే క్రియలు: 'వేద – విద్మ'ల సాక్ష్యం

'డ్రింక్ – డ్రాంక్ – డ్రంక్'లో ప్రత్యయమేదీ లేదు. ధాతువులోని అచ్చు మాత్రమే మారింది. జర్మన్, డచ్, స్వీడిష్ భాషల్లోనూ ఇదే ధాతువు ఇదే తీరున మారుతుంది. కనుక ఇది ఇంగ్లీషు సొంత వింత కాదు. యాకబ్ గ్రిమ్ తన జర్మన్ వ్యాకరణంలో (1819, మార్చిన ముద్రణ 1822) ఇలా అచ్చు మార్చుకొనే క్రియలను 'బలక్రియలు' అనీ, ద-కార ప్రత్యయం తోడు తెచ్చుకొనేవాటిని 'దుర్బల క్రియలు' అనీ పిలిచాడు. తన కాళ్ళమీద నిలిచేది బలమైనదనీ, పరాశ్రయం కోరేది దుర్బలమనీ ఆయన భావన. జానపద కథలు సేకరించిన మనిషి క్రియలకు కూడా వీరగాథ కట్టాడనిపిస్తుంది. ఏమైనా ఆ పేర్లు నిలిచాయి. ఈ అచ్చుల మార్పును హిందీ భాషాశాస్త్ర గ్రంథాలు 'అపశ్రుతి' అంటాయి. తెలుగులో ఆ మాటకు వేరే అర్థం రూఢమైనందువల్ల ఇక్కడ 'స్వరభేదం' అంటున్నాను.

స్వరభేదం మన పాఠకులకు కొత్త విషయం కాదు. సంస్కృతంలో 'విద్' ధాతువుకు 'వేద' (ఎరుగుదును) అని ఏకవచనం, 'విద్మ' (ఎరుగుదుము) అని బహువచనం. ఏకవచనంలో ఇ-కారానికి గుణం వచ్చి ఏ-కారమైంది, బహువచనంలో రాలేదు. క్రీస్తుశకం నాలుగో శతాబ్దికి చెందిన గోథిక్ బైబిలు భాషలో ఇదే క్రియకు ఏకవచనం 'వైట్', బహువచనం 'విటుమ్'. పాత ఇంగ్లీషులో 'వాట్', 'విటొన్'. వేద – విద్మ, వైట్ – విటుమ్, వాట్ – విటొన్: మూడు భాషల్లోనూ ఏకవచనంలో ఒక అచ్చు, బహువచనంలో మరొకటి. ఇంగ్లీషులో తెలివికి పేరైన 'విట్' అనే మాట ఈ విద్ కుటుంబానిదే.

1816లో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ రూపాలతో పోల్చి గ్రంథం ప్రకటించిన తరువాత ఇటువంటి పోలికలు శాస్త్రంగా రూపొందాయి. ధాతువును, ప్రత్యయాన్ని విడదీసి చూసే పద్ధతి, గుణవృద్ధుల భావన ఐరోపా పండితులకు సంస్కృత వ్యాకరణం ద్వారా అందినవి. ఒక భేదాన్ని ఇక్కడ చెప్పాలి. పాణినీయులు 'విద్' వంటి హ్రస్వరూపాన్ని మూలంగా గ్రహించి, దానికి గుణం వచ్చిందన్నారు. 19వ శతాబ్ది చివరికి ఐరోపా శాస్త్రజ్ఞులు దీన్ని తలకిందులు చేసి, అచ్చు నిండుగా ఉన్న రూపమే మూలమనీ, ఉదాత్తం దూరమైనచోట అచ్చు లోపించిందనీ వివరించారు. వివరణ దిశ మారింది, సామగ్రి మాత్రం పాణిని విడదీసి పెట్టినదే.

'డ్రింక్'కు పాత ఇంగ్లీషులో రెండు కాదు, నాలుగు రూపాలు: క్రియార్థకం డ్రింకన్, భూతకాల ఏకవచనం డ్రాంక్, భూతకాల బహువచనం డ్రుంకొన్, విశేషణరూపం డ్రుంకెన్. 'నేను తాగితిని' అన్నప్పుడు ఆ-కారం, 'మేము తాగితిమి' అన్నప్పుడు ఉ-కారం. వేద – విద్మల తీరే ఇది. మధ్యయుగంలో ఇంగ్లీషు క్రియ వచనభేదాన్ని దాదాపు వదులుకొన్నప్పుడు భూతకాలానికి రెండు అచ్చులు అనవసరమయ్యాయి, ఒకటి పోవాలి. డ్రింక్, సింక్, స్విమ్, రింగ్ క్రియల్లో ఏకవచనం అచ్చు నిలిచింది. క్లింగ్ – క్లంగ్, స్పిన్ – స్పన్, విన్ – వన్ వంటివాటిలో బహువచనానిదీ విశేషణరూపానిదీ అయిన అచ్చు గెలిచింది. విద్యార్థికి అకారణమనిపించే 'స్విమ్ – స్వామ్, స్పిన్ – స్పన్' తేడాకు మూలం ఇదే. రెండూ ఒకే గణానికి చెందిన క్రియలు. ఒకటి తన ఏకవచనాన్ని కాపాడుకొంది, మరొకటి బహువచనాన్ని.

'బైండ్ – బౌండ్' కూడా ఈ గణంలోనిదే. పాత రూపాలు బిండన్, బాండ్, బుండొన్, బుండెన్. ఇది సంస్కృతంలోని 'బంధ్' ధాతువుకు సజాతీయం. 'బద్ధ' శబ్దంలో ధాతువులోని అనునాసికం లోపించినట్లు కనిపిస్తుంది. అచ్చు పోయి అనునాసికమే అక్షరంగా మిగిలిన ప్రాచీనస్థితి సంస్కృతంలో అ-కారమైంది, జర్మానిక్ భాషల్లో 'ఉన్' అయింది. అందువల్ల 'బద్ధ'లోని 'బద్', 'బౌండ్'కు మూలమైన 'బుండ్' ఒకే దశకు చెందిన ధాతురూపాలు. 'బుండ్'లోని ఉ-కారం దీర్ఘమై, 15వ శతాబ్ది నుంచి మొదలైన దీర్ఘాచ్చుల మహాపరివర్తనంలో 'ఔ'గా మారింది. ఫైండ్ – ఫౌండ్, గ్రైండ్ – గ్రౌండ్, వైండ్ – వౌండ్ అన్నీ ఆ దారినే నడిచాయి.

వైదిక స్వరం చెప్పిన రహస్యం

'వాజ్' ఏకవచనం, 'వర్' బహువచనం. స-కారం ఉండవలసిన చోట ర-కారం ఎందుకు వచ్చింది? ఈ చిన్న ప్రశ్నకు జవాబు దొరికిన కథ భాషాశాస్త్ర చరిత్రలోని గొప్ప ఘట్టాల్లో ఒకటి.

సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల్లోని క-త-పలు జర్మానిక్ భాషల్లో క్రమంగా హ-థ-ఫలకు సమీపమైన ఊష్మధ్వనులవుతాయని రాస్క్, గ్రిమ్ చూపారు. 'భ్రాతృ' శబ్దంలోని త-కారం 'బ్రదర్' పాతరూపంలో అలాగే ఊష్మమైంది. కాని 'పితృ' శబ్దంలోని త-కారం పాత ఇంగ్లీషు 'ఫాడెర్'లో డ-కారమైంది. (నేటి 'ఫాదర్'లో వినిపించే ధ్వని ఆ తరువాతి మార్పు.) రెండూ బంధువాచకాలే, రెండింటా అదే త-కారం, ఫలితాలు వేరు. అర్ధశతాబ్దం పాటు దీన్ని అపవాదంగా వదిలేశారు. డెన్మార్క్ దేశీయుడైన కార్ల్ వర్నర్ 1870ల దశకంలో కారణం కనుగొన్నాడు. ఆయన వ్యాసం పేరే 'మొదటి ధ్వని పరివర్తనానికి ఒక అపవాదం'.

వర్నర్ చూసింది వేదంలోని స్వరాన్ని. 'భ్రాతా' శబ్దంలో ఉదాత్తం మొదటి అక్షరం మీద ఉంటుంది, 'పితా' శబ్దంలో చివరి అక్షరం మీద. ముందరి అక్షరం ఉదాత్తమైతే ఊష్మధ్వని అలాగే నిలుస్తుంది, కాకపోతే నాదం పొందుతుంది. జర్మానిక్ భాషల్లో ఆ పాత స్వరం ఏనాడో నశించింది. అన్ని పదాల్లోనూ బలం తొలి అక్షరానికే మారింది. కారణం మాయమై కార్యం మిగిలింది. ఆ కారణాన్ని భద్రపరచింది తరతరాల వేదపాఠకుల కంఠం.

క్రియల్లో ఈ సూత్రం మరింత స్పష్టంగా పనిచేస్తుంది. సంస్కృత లిట్ రూపాల్లో ఏకవచనానికి ధాతువు మీద, బహువచనానికి ప్రత్యయం మీద ఉదాత్తం ఉంటుంది. జర్మానిక్ భూతకాలం ఆ లిట్ రూపాలకు సజాతీయమే. కనుక ఏకవచనంలో స-కారం నిలిచి, బహువచనంలో నాదం పొంది, పాత ఇంగ్లీషులో ర-కారంగా తేలింది. 'వాజ్ – వర్' భేదం ఇలా వేలయేళ్ళనాటి ఉదాత్తస్థానాన్ని నేటికీ మోస్తున్నది. 'చూజ్' క్రియకు కూడా పాత ఇంగ్లీషులో బహువచనంలో ర-కారమే ఉండేది, తరువాత సాదృశ్యం దాన్ని తొలగించింది. 'లూజ్' అనగా పోగొట్టుకొను అనే క్రియకు చెందిన పాత విశేషణరూపం మాత్రం 'ఫర్లార్న్' అనే మాటలో ర-కారంతోనే మిగిలింది.

రూపం చెడిన నియతక్రియలు

ఇక రెండో తెగ. 'కీప్ – కెప్ట్'ను స్వరభేదమని పొరబడే అవకాశం ఉంది. నిజానికి ఇది దుర్బలక్రియ, ప్రత్యయం చేరిన క్రియ. పాత ఇంగ్లీషులో 'కేపన్ – కేప్టె', రెండింటా దీర్ఘమైన ఏ-కారమే. మధ్యయుగంలో సంయుక్తాక్షరానికి ముందున్న దీర్ఘం హ్రస్వమైంది, కనుక 'కేప్టె' కాస్తా 'కెప్టె' అయింది. వర్తమానరూపంలో హల్లుల గుంపు లేదు, దీర్ఘం మిగిలింది. తరువాత దీర్ఘాచ్చుల మహాపరివర్తనం వచ్చి దీర్ఘ ఏ-కారాన్ని ఈ-కారం చేసింది. హ్రస్వాన్ని ముట్టుకోలేదు. ఫలితం కీప్ – కెప్ట్. స్లీప్, వీప్, ఫీల్, మీట్, ఫీడ్, బ్లీడ్ అన్నీ ఈ రెండు మార్పుల మధ్య నలిగినవే. 'రీడ్ – రెడ్' జంటను ఒకే వర్ణక్రమంతో రాయడం పిల్లలను తికమకపెట్టినా, రాతకు మాత్రం అవి ఒకనాడు ఒకే అచ్చుతో ఉండేవన్న జ్ఞాపకం ఉంది.

'సీక్ – సాట్'లో మరో విశేషం. భూతకాలమే మారిందని మనం అనుకొంటాం. ఇక్కడ మారినది వర్తమానం. మూలజర్మానిక్‌లో వర్తమానరూపం 'సోక్యన్'. తరువాతి య-కారం ప్రభావంతో ఓ-కారం ముందుకు జరిగి ఏ-కారమై, చివరికి ఈ-కారమైంది. భూతకాలంలో య-కారం లేదు, అచ్చు మూలానికి దగ్గరగానే ఉండిపోయింది. పక్క అక్షరంలోని అచ్చు తన పొరుగును లాగడం తెలుగువారికి తెలియనిది కాదు. 'పులి' బహువచనంలో 'పులులు' కావడం ఆ జాతి మార్పే, దిశ వేరు. టెల్ – టోల్డ్, సెల్ – సోల్డ్ ఇదే తీరు. 'థింక్ – థాట్'లో అదనంగా భూతకాలంలోని అనునాసికం హ-కారం ముందు లోపించింది. ఈ భూతకాల రూపాల రాతలో ఇప్పుడు పలకకుండా మిగిలిన రెండక్షరాలు ఒకప్పుడు కంఠం నుంచి గరగరమంటూ వెలువడిన హల్లుకు గుర్తు. స్కాట్లండ్ ప్రజలు సరస్సుకు వాడే మాట చివర అది ఇంకా వినిపిస్తుంది.

పుట్, కట్, సెట్ వంటివి ఏ కాలంలోనూ మారకపోవడానికి కారణం తేలికే. ట-కారాంత ధాతువు మీద ట-కార ప్రత్యయం చేరి రెండూ కలిసిపోయాయి.

రెండు ధాతువులు, ఒక క్రియ

'గో'కు భూతకాలం 'వెంట్' ఎలా అయింది? 'వెండ్' అని తిరుగు, సాగు అనే అర్థంలో మరొక క్రియ ఉండేది. సెండ్ – సెంట్, బెండ్ – బెంట్, స్పెండ్ – స్పెంట్ వలెనే దాని భూతకాలం 'వెంట్'. పాత ఇంగ్లీషులో 'గో' మూలరూపానికి భూతకాలం 'ఎయోదె', అదీ వేరే ధాతువు నుంచి వచ్చినదే. అంటే ఈ క్రియకు సొంత భూతకాలం ఆనాడూ లేదు. 14వ శతాబ్దిలో చాసర్ రచనల్లో పాతరూపం, 'వెంట్' రెండూ కనిపిస్తాయి. తరువాత దక్షిణ ఇంగ్లండులో 'వెంట్' స్థిరపడింది. స్కాట్స్ భాషలో మాత్రం 'గేడ్' అని నియతరూపమే ఏర్పడింది. ఇంగ్లీషు పిల్లలు మాటలు నేర్చే దశలో 'గోడ్' అంటారు. పెద్దలు నవ్వి దిద్దుతారు, కాని ఆ పిల్లలు సూత్రాన్ని పట్టుకొన్నారనడానికి అంతకన్న రుజువు అక్కరలేదు.

'బీ' క్రియలో మూడు ధాతువులు కలిశాయి. 'యామ్, ఈజ్' రూపాలు 'అస్మి, అస్తి'ల అస్ ధాతువుకు చెందినవి. 'బీ, బీన్' రూపాలు భూ ధాతువుకు, 'వాజ్, వర్' రూపాలు నివసించుట అనే అర్థంగల వస్ ధాతువుకు సజాతీయాలు. సంస్కృతంలోనూ అస్ ధాతువుకు అన్ని లకారాల్లో రూపాలు లేవు. పాణిని అష్టాధ్యాయి రెండవ అధ్యాయం నాలుగవ పాదంలో ఆర్ధధాతుక విషయంలో అస్ స్థానంలో భూ వస్తుందని విధించాడు. దృశ్ ధాతువు వర్తమానంలో 'పశ్యతి' కావడాన్ని కూడా ఆదేశంగానే చెప్పాడు. రెండు ధాతువులు ఒకదాన్నొకటి పూరించుకోవడాన్ని ఆయన 'లోపం' అనలేదు. ఒకటి స్థాని, మరొకటి ఆదేశం, వాటి మధ్య ఒక విధి. ఇంగ్లీషు పట్టిక చేయలేకపోయిన పని ఇదే.

తెలుగులో 'వచ్చు' ధాతువు చూడండి. వచ్చెను, వచ్చి అంటాం. విధిలో 'రా', వ్యతిరేకంలో 'రాడు', 'రాక'. పైకి చూస్తే ఇదీ గో – వెంట్ వంటి రెండు ధాతువుల కలయికే అనిపిస్తుంది. కాని తమిళంలో ఇదే క్రియ 'వరు, వా', కన్నడంలో 'బరు, బా'. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద చేసిన పరిశోధన (1961) ఇటువంటి రూపాల చరిత్రను విశదం చేసింది. వ-ర్ అనే మూలధాతువులో అచ్చు, ర-కారం స్థానాలు మార్చుకొని 'వ్రా' ఏర్పడి, తొలి వ-కారం పోగా 'రా' మిగిలింది. తమిళ 'ఇరండు' తెలుగులో 'రెండు' కావడం, 'ఉరల్' 'రోలు' కావడం, 'మరం' 'మ్రాను' కావడం ఈ వర్ణవ్యత్యయానికి ఇతర సాక్ష్యాలు. 'తెచ్చు – తే' జంట కూడా తమిళ 'తరు, తా'తో పోల్చదగినది. కాబట్టి ఒకే క్రియగా కనిపించే 'గో – వెంట్' రెండు, రెండుగా కనిపించే 'వచ్చు – రా' ఒకటి. రూపసామ్యాన్ని మాత్రమే చూసి ఏది అనియతమో నిర్ణయించడం ఎంత ప్రమాదకరమో ఈ జంటలు చెబుతాయి.

'కాన్' క్రియకు స-కారం ఎందుకు లేదు

'హి గోస్' అనాలి, కాని 'హి కాన్'. ప్రథమపురుష ఏకవచనంలో రావలసిన స-కారం కాన్, మే, మస్ట్, షల్ వంటివాటిలో రాదు. కారణం, ఇవి రూపంలో భూతకాలాలు. ప్రాచీన జర్మానిక్‌లోనే లిట్‌కు సమానమైన రూపాలు వర్తమానార్థంలో స్థిరపడ్డాయి. భూతకాల ప్రథమపురుషకు స-కారం ఎన్నడూ లేదు గనుక వీటికీ లేదు. 'కాన్' మూలార్థం తెలియు, సంస్కృత జ్ఞా ధాతువుకు బంధువు. తెలిసినవాడు చేయగలడు, అందుకే శక్త్యర్థం వచ్చింది.

ముందు చెప్పిన 'వేద' కూడా సరిగ్గా ఇటువంటిదే. రూపం లిట్‌ది, అర్థం వర్తమానం. పాణిని మూడవ అధ్యాయంలో విద్ ధాతువుకు లట్‌లో లిట్ ప్రత్యయాల ఆదేశాలను వికల్పంగా విధించాడు. 'కనుగొన్నాను, కనుక ఎరుగుదును' అనే అర్థపరిణామం ఈ భాషలన్నీ ఒకటిగా ఉన్న కాలానిది.

ఏవి మిగిలాయి, ఎందుకు

పాత ఇంగ్లీషులో మూడు వందలకు పైగా బలక్రియలు ఉండేవి. హెల్ప్, క్లైమ్, వాక్, బేక్, లాఫ్, స్టెప్ అన్నీ ఒకప్పుడు అచ్చు మార్చుకొన్నవే. 1611 నాటి బైబిలు అనువాదంలో 'హెల్ప్'కు 'హోల్పెన్' అన్న పాతరూపం ఇంకా ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత వందలకొద్దీ ఫ్రెంచి క్రియలు ఇంగ్లీషులో చేరాయి. దాదాపు అన్నీ 'ఎడ్' ప్రత్యయాన్నే తీసుకొన్నాయి. పాలకుల భాష ఫ్రెంచి కావడంతో ఇంగ్లీషు రాతకు ప్రామాణికరూపం కొరవడిన ఆ శతాబ్దాల్లో సాదృశ్యానికి అడ్డులేకపోయింది.

2007లో నేచర్ పత్రికలో లీబర్‌మన్, మిషెల్, నోవాక్ తదితరులు ప్రకటించిన పరిశీలన దీనికి ఒక లెక్క చూపింది. పాత ఇంగ్లీషులో అనియతంగా ఉండి నేటి వరకు వాడుకలో నిలిచిన 177 క్రియలను వారు తీసుకొన్నారు. వాటిలో మధ్య ఇంగ్లీషు నాటికి 145, నేటికి 98 మాత్రమే అనియతంగా మిగిలాయి. వాడుక నూరు రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు వేగంగా నియతమవుతుందని వారి గణన. ఇకముందు నియతం కాబోయే క్రియ 'వెడ్' అని కూడా వారు ఊహించారు. ఇంగ్లీషులో అత్యధికంగా వాడే పది క్రియలు, బీ, హావ్, డూ, గో, సే మొదలైనవి, అన్నీ అనియతాలే. రోజూ నోట నానే రూపాన్ని ఎవరూ మరచిపోరు. అరుదుగా వినేదాన్ని మరచి, సూత్రం ప్రకారం కట్టుకొంటారు. తెలుగులోనూ వచ్చు, తెచ్చు, ఇచ్చు, పోవు, అగు వంటి నిత్యవ్యవహార క్రియల్లోనే రూపవైవిధ్యం గూడుకట్టుకొని ఉండడం యాదృచ్ఛికం కాదు.

ప్రవాహం ఒకే దిశలో సాగిందనుకోవడం మాత్రం సరికాదు. 'డిగ్' క్రియకు 1611 బైబిలులో భూతకాలం 'డిగ్డ్', ఆ తరువాత 'డగ్' గెలిచింది. 'వేర్' పాత ఇంగ్లీషులో దుర్బలక్రియ, తరువాత 'వోర్' పొందింది. 'స్ట్రైవ్' ఫ్రెంచి నుంచి వచ్చి కూడా 'డ్రైవ్ – డ్రోవ్' జతలో చేరి 'స్ట్రోవ్' అయింది. 19వ శతాబ్ది చివర అమెరికాలో 'స్నీక్'కు 'స్నక్' పుట్టింది. 1958లో జీన్ బెర్కో లేని క్రియలు కల్పించి భూతకాలం చెప్పమన్నప్పుడు 'గ్లింగ్' అనే కల్పితక్రియకు పిల్లలు ఎక్కువగా 'ఎడ్' చేర్చారు. పెద్దల్లో చాలామంది అచ్చు మార్చారు. పాత స్వరభేదం పట్టికలో నిద్రిస్తున్న శవం కాదన్నమాట. అవకాశం దొరికితే కొత్త క్రియను తన జట్టులోకి లాగుతుంది.

వ్యాకర్తల తీర్పులు

1712లో జొనాథన్ స్విఫ్ట్ ఇంగ్లీషు భాషను సంస్కరించి స్థిరపరచాలని ఒక ప్రతిపాదన ప్రకటించాడు. అందులో ఆయనకు కోపం తెప్పించిన వాటిలో ఒకటి 'డిస్టర్బ్డ్', 'రెబ్యూక్డ్' వంటి ఉచ్చారణ. ప్రత్యయంలోని ఎ-కారాన్ని మింగి అక్షరాలను కుదిస్తున్నారని ఆయన బాధ. ఇవాళ ఆ ఎ-కారాన్ని పలికితే విచిత్రంగా వింటారు. ఆయన తప్పన్నది శాసనమైంది. అదే కుదింపు అంతకు ముందెప్పుడో జరిగినచోట, పాత 'మాకొదె' 'మేడ్'గా, 'హావ్దె' 'హాడ్'గా మారినచోట, స్విఫ్ట్‌కు అభ్యంతరం లేదు. అవి ఆయన పుట్టకముందే ఒప్పయిపోయాయి.

ఈ వివాదం మనకు బాగా పరిచయమున్నదే. 'వచ్చినాఁడు' కుదిసి 'వచ్చాడు' అయింది. గ్రాంథికవాదులకు మొదటిది సలక్షణం, రెండవది గ్రామ్యం. శిష్టుల వ్యవహారంలో స్థిరపడిన రూపానికి దాని వ్యాకరణం దానికి ఉంటుందని 20వ శతాబ్ది తొలి దశకాల్లో గిడుగు వేంకట రామమూర్తి వాదించినప్పుడు అడిగిన ప్రశ్న, స్విఫ్ట్‌ను అడగవలసిన ప్రశ్న ఒకటే. ఏ తేదీ వరకు జరిగిన మార్పు భాష, ఏ తేదీ తరువాతది భ్రష్టత?

1762లో రాబర్ట్ లౌత్ రాసిన చిన్న వ్యాకరణం, 1795లో లిండ్లీ ముర్రే రాసిన వ్యాకరణం బడుల్లో విస్తృతంగా చదివారు. 'హావ్ రోట్' అంటే తప్పు, 'హావ్ రిటెన్' అనాలన్న తీర్పు లౌత్‌ది. ప్రసిద్ధ రచయితల వాక్యాల్లోనే ఆ తప్పులను ఆయన ఎత్తిచూపాడు. అంత పెద్ద రచయితలు అలా రాశారంటే ఆనాటి వాడుకలో రెండూ ఉండేవనే కదా. క్రియకు మూడు రూపాలు రెండు కావడమనే మార్పు క్లింగ్, స్పిన్ క్రియల్లో పూర్తయింది. 'రైట్'లో పూర్తికాబోతుండగా వ్యాకరణం అడ్డుపడింది. మన విద్యార్థులు వల్లెవేసే మూడవ వరుస కొంతవరకు ఈ అడ్డుకట్ట నిలిపినదే. ఇదే కాలపు వ్యాకరణ చట్రాలతో చదువుకొన్న కాంబెల్ (1816), బ్రౌన్ (1840) వంటి దొరలు తెలుగు క్రియలను కూడా గణాలుగా విభజించి వ్యాకరణాలు రాశారు. వాటి విమర్శ వేరే వ్యాసానికి తగిన విషయం.

పట్టిక అకారాదిగా ఉన్నంతకాలం ఈ చరిత్రంతా కనబడదు. కీప్ పక్కన స్లీప్, స్వీప్, వీప్ ఉంచి, సీక్ పక్కన టీచ్, థింక్ ఉంచి, డ్రింక్ పక్కన సింక్, ష్రింక్, స్విమ్ ఉంచి నేర్పడానికి అదనపు ఖర్చేమీ లేదు. సంస్కృతం చదివిన విద్యార్థి తరగతిలో ఉంటే 'వేద – విద్మ' ఒక్కమాట చాలు.

నియతరూపం గెలిచినచోట పాతరూపం పూర్తిగా పోదు, ఒక మూలన విశేషణంగా బతుకుతుంది. 'మెల్ట్' ఇప్పుడు 'మెల్టెడ్', కాని కరిగిన లోహం 'మోల్టెన్'. 'డ్రంకెన్' విశేషణంగానే మిగిలింది. 'వర్క్' క్రియకు పాత భూతకాలం 'వోర్హ్టె'. అందులోని ఓ-కారం, ర-కారం చోటు మార్చుకోగా 'రాట్' వచ్చింది. మన 'రా' పుట్టిన వర్ణవ్యత్యయమే అది. వాక్యంలో దాని స్థానాన్ని 'వర్క్డ్' ఎప్పుడో ఆక్రమించింది. 'రాట్' మాత్రం ఇనుముకు విశేషణమై, మన ఊళ్ళలో కొత్త ఇల్లు కట్టేవారు వెల్డింగు షాపులో రాట్ ఐరన్ గేటు కావాలని అడిగినప్పుడు వినిపిస్తున్నది.